అడగండి చెబుతాం: కదిపింది ఎవరు?

ప్రశ్న: బోరు పాయింటు చూడ్డానికి వచ్చినాయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరిగారు. ఒకచోట అది లేచి నిలబడింది. ‘నేను కదపలేదు, అదే లేచింది’ అంటారు. అబద్ధమాడే మనిషి కాదు. మరి కదిపింది ఎవరు?
– ఓ రైతు, కదిరి

జవాబు: కదిపింది ఆయనే. కదిపినట్టు ఆయనకు తెలియలేదు, అంతే. మనసులో మెదిలిన కదలిక, చేద్దామని అనుకోకపోయినా కండరాల్లో కాస్త జరిగిపోతుంది. 1852లో ఇంగ్లండు వైద్యుడు విలియం కార్పెంటర్ దీనికి ‘ఐడియోమోటార్’ అని పేరు పెట్టారు.

ఇంట్లోనే చూడండి. 25 సెంటీమీటర్ల దారానికి ఉంగరం కట్టి, కాగితం మీద గీసిన ప్లస్ గుర్తు పైన వేలాడదీయండి. ఫ్యాను ఆపాలి, లేకపోతే గాలికే ఊగుతుంది. చెయ్యి కదపకుండా, ఉంగరాన్నే చూస్తూ ‘అటూ ఇటూ ఊగాలి’ అనుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో చాలామందికి ఊగుతుంది. ఆ పొడవు దారానికి ఒక పూర్తి ఊపు సుమారు సెకను. ప్రతి ఊపుకీ వేలు వెంట్రుకవాసి సాయం చేసినా, ఉయ్యాల తోసినట్టు పోగవుతుంది. ఇప్పుడు దారం పట్టిన వేళ్లనే ఏదైనా దిమ్మెకు ఆనించండి, ఆగిపోతుంది. కళ్లు మూసుకున్నా అంతే. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రోల్ 1833లోనే ఈ రెండూ రాశారు.

మరి ‘నేనే’ అని ఎందుకు అనిపించదు? చేసేముందు ఆ ఆలోచన రావాలి, అది పనితో సరిపోవాలి, వేరే కారణం కనిపించకూడదు. అప్పుడే మనసు ‘ఇది నా పని’ అని లెక్క వేసుకుంటుందని మనస్తత్వవేత్తలు వెగ్నర్, వీట్లీ 1999లో చెప్పారు. కొబ్బరికాయ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఆయన మనసులో ఉన్నది ‘నీళ్లెక్కడ’ అనే గాని ‘చెయ్యి వంచుదాం’ అని కాదు. పైగా నీళ్లే లాగుతున్నాయన్న కారణం ముందే సిద్ధంగా ఉంది.

పరీక్షించాలంటే ఆయన కళ్లకు గంతలు కట్టి, వేర్వేరు దిక్కుల నుంచి పదిసార్లు నడిపించి, ప్రతిసారీ కాయ అదే చోట లేస్తుందేమో చూడండి. నడిపించే మనిషికీ ఆ చోటు తెలియకూడదు. తెలిస్తే అతని అడుగే చెప్పేస్తుంది. బోరు ఖర్చు పెట్టేముందు రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీళ్ల జాడ అంచనా వేసే పరీక్ష) చేయించుకోవడం మేలు.

ప్రశ్న: సెట్‌టాప్ బాక్సు రిమోటు నొక్కితే ఆలస్యంగా పనిచేస్తుంది. నొక్కింది నేనేనా అనిపిస్తుంది. నాకేమైనా లోపమా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏ లోపమూ లేదు. 2002లో లండన్‌లో మెదడు పరిశోధకుడు పాట్రిక్ హాగార్డ్ బృందం మీట నొక్కిన 250 మిల్లీసెకన్లకు బీప్ వచ్చే ఏర్పాటు చేసింది. కావాలని నొక్కినవారికి నొక్కడం 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా, బీప్ 46 ముందుగా తోచాయి. రెండూ దగ్గరికి జరిగాయన్నమాట. ఈ దగ్గరితనాన్ని ‘నేనే చేశాను’ అనే భావానికి గుర్తుగా తీసుకుంటారు. తల మీద అయస్కాంత ప్రేరణతో వేలు దానంతటదే అదిరేలా చేస్తే, ఆ రెండూ దూరం జరిగాయి. ఎడం 450, 650కి పెంచితే ఆ దగ్గరితనం సడలింది. మీ రిమోటు జాప్యం అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

ఒకసారి నొక్కి రెండు సెకన్లు ఆగండి. ఆగలేక మళ్లీ నొక్కితే రెండు నొక్కుళ్లూ వరసలో పడి, వెలగబోయిన బాక్సు ఆరిపోతుంది. ఆ తప్పు సెల్స్ మీద వేసి చాలామంది సెల్సే మారుస్తారు.