‘ఏమీ మారదు’ అన్నారు... ఉండమంటారా, వెళ్లిపోమంటారా?

ప్రశ్న: మేడం, నేను నలభై మంది పనిచేసే ఒక గేమ్ స్టూడియోలో ఆరేళ్లుగా లెవెల్ డిజైనర్‌ని. పోయిన నెల మా స్టూడియోని ఒక పెద్ద కార్పొరేషన్ కొనేసింది. అందర్నీ కూర్చోబెట్టి, "మీ పని మీరు చేసుకోండి, ఏమీ మారదు" అన్నారు. రెండేళ్లు ఉంటే బోనస్ ఇస్తామని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మా సీనియర్లు ఇద్దరు అప్పుడే వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. నాకు టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఉండాలా, వెళ్లాలా?
- పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. పదకొండేళ్ల కిందట నేనూ ఇలాంటి మీటింగులోనే కూర్చున్నాను. అప్పుడు ఒక స్టూడియోలో టెస్టింగ్ టీమ్ చూసేదాన్ని. మమ్మల్ని కొన్న కంపెనీ పెద్దాయన అచ్చం ఇదే మాట అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనుకోను. ఆ రోజుకి ఆ మాట నిజమే. కాకపోతే పదిహేను నెలలకి ఆయన వేరే విభాగానికి వెళ్లిపోయాడు. ఆయన చోట్లోకి వచ్చినాయనకి మాకు ఎవరు ఏం మాటిచ్చారో తెలియదు.

మార్పు నాకు మొదట కనిపించింది బగ్‌ల జాబితాలో. అంతకుముందు గేమ్‌లో తప్పు దొరికితే కుర్చీ వెనక్కి తిప్పి ప్రోగ్రామర్‌ని పిలిస్తే సరిపోయేది. కొన్న మూడో నెలలో జాబితా అంతా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి మార్చమన్నారు. ఒక్కో బగ్‌కి పద్నాలుగు గళ్లు నింపాలి. అందులో ఒక గడి ‘ఆదాయం మీద ప్రభావం’. మా గేమ్‌లో ముసలాయన పాత్ర ఒకటి మెట్లు దిగేటప్పుడు పాదం రాతిలోకి దిగబడిపోయేది. చిన్న తప్పే, కానీ చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. దానికి ఆదాయం మీద ప్రభావం ఏముంటుంది? ‘లేదు’ అని రాశాను. ‘లేదు’ అని రాసినవన్నీ జాబితా అడుక్కి పోయాయి. గేమ్ విడుదలైన రోజు కూడా ఆ పాదం రాతిలోకి దిగుతూనే ఉంది.

ఆ గడి పెట్టినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఇరవై స్టూడియోలని ఒక్క చోట కూర్చుని చూడాలంటే ఏదో ఒక కొలత కావాలి కదా. కానీ అప్పటిదాకా ‘ఇది బాగుంది, ఇక చాలు’ అని మా గదిలో మేం అనుకునేవాళ్లం. ఆ మాట అనే హక్కు ఆ గడితో పాటే వెళ్లిపోయింది. గేమ్ ఎప్పుడు పూర్తయినట్టో, ఎన్ని అమ్మితే ఆడినట్టో ఇంకొకరు చెప్పడం మొదలవుతుంది. స్టూడియో అమ్ముడైనప్పుడు అసలు చేతులు మారేది ఇదేనని నా నమ్మకం.

ఈ విషయంలో నా మనసుని బాగా కష్టపెట్టింది టాంగో గేమ్‌వర్క్స్ కథ. అది జపాన్ స్టూడియో. దాని మాతృసంస్థ జెనీమ్యాక్స్‌ని 750 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ 2020 సెప్టెంబరులో ప్రకటించింది. మరుసటి మార్చికి కొనుగోలు పూర్తయింది. 2023 జనవరిలో టాంగో ‘హై-ఫై రష్’ అనే గేమ్‌ని ప్రకటించిన రోజే విడుదల చేసేసింది. పాట తాళానికి తగ్గట్టు అడుగు వేస్తూ, దెబ్బ కొడుతూ ఆడే గేమ్. ఆడినవాళ్లకి తెగ నచ్చింది. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఆడియో డిజైన్‌కి బహుమతి వచ్చింది. అది హిట్టేనని కొన్నవాళ్లు కూడా బయటికే చెప్పారు. 2024 మే నెలలో ఆ స్టూడియో మూసేస్తున్నామన్నారు. అదే రోజు, అదే ప్రకటనలో ఆర్కేన్ ఆస్టిన్ అనే మరో స్టూడియో పేరు కూడా ఉంది. వాళ్ల ‘రెడ్‌ఫాల్’ దెబ్బతింది కాబట్టి అది కొంతవరకు అర్థమవుతుంది. హిట్ ఇచ్చినవాళ్లకీ అదే కాగితం రావడం మాత్రం నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. ఆగస్టులో క్రాఫ్టన్ అనే కొరియా సంస్థ ముందుకొచ్చి టాంగో జట్టునీ, ఆ గేమ్ హక్కుల్నీ తీసుకుంది. ఆ వార్త చూసిన రోజు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు మీ బోనస్ కాగితం సంగతి. బంజీ స్టూడియోని సోనీ 2022లో 360 కోట్ల డాలర్లకి కొన్నప్పుడు అందులో సుమారు 120 కోట్లు ఉద్యోగుల్ని నిలుపుకోవడానికే పక్కన పెట్టింది. మనుషులు పోతే కొన్నదానికి విలువ లేదని వాళ్లకీ తెలుసన్నమాట. అయినా 2023 అక్టోబరులో ఒకసారి, 2024 జూలైలో మరోసారి అక్కడ లేఆఫ్‌లు జరిగాయి. రెండోసారి 220 మంది. కాబట్టి మీ కాగితంలో ఒక్క వాక్యం కోసం వెతకండి: రెండేళ్లలోపు వాళ్లే మిమ్మల్ని తీసేస్తే ఆ డబ్బు ఇస్తారా, ఇవ్వరా? అది రాసి లేకపోతే ఈ వారమే అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. నోటి మాటతో సరిపెట్టుకోకండి.

స్టూడియోని అమ్మిన మీ పాత యజమానులకి వేరే లెక్క ఉండొచ్చు, దాన్ని ఎర్న్‌ఔట్ అంటారు. కొన్న ధర మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, ఫలానా తేదీలోపు ఇంత ఆదాయం వస్తే మిగతాది ఇస్తామనే ఏర్పాటు. ‘సబ్‌నాటికా’ చేసిన అన్‌నోన్ వరల్డ్స్‌ని 2021లో ఇలాగే కొన్నారు. ముందు 50 కోట్ల డాలర్లు, లక్ష్యం అందుకుంటే మరో 25 కోట్ల దాకా. 2025 జూలైలో ఆ స్టూడియో పెద్దల్ని తొలగించారు, రెండో భాగం విడుదల 2026కి జరిపారు, వ్యవహారం కోర్టుకెక్కింది. కొన్నది ఎవరనుకున్నారు? టాంగోని ఆదుకున్న ఆ క్రాఫ్టనే. అందుకే ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెడ్డది అని ఎవరైనా చెబితే నేను తొందరగా తలూపను. మీ పాత యజమానులకి ఇలాంటి గడువు ఉందేమో తెలుసుకుంటే మాత్రం, మీ గేమ్ మీద ఎప్పుడు ఒత్తిడి పెరుగుతుందో ముందే అర్థమవుతుంది.

ఉండాలా, వెళ్లాలా అన్నారు. నేనైతే చేతిలో ఉన్న గేమ్ విడుదలయ్యేదాకా ఉండమంటాను. ఆరేళ్ల కష్టం అది. మధ్యలో వెళ్లిపోయినవాళ్ల పేర్లు క్రెడిట్స్‌లో ఎగిరిపోవడం ఈ రంగంలో మామూలే, నాకు తెలిసినవాళ్లకే జరిగింది. కానీ మీ జట్టుని సొంత పని ఆపించి ఇంకో పెద్ద గేమ్‌కి సాయం చేయమంటే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ‘స్కైల్యాండర్స్’ చేసిన టాయ్స్ ఫర్ బాబ్‌ని దాని యజమాని యాక్టివిజన్ 2021లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ పనికి మళ్లించింది. చివరికి 2024లో వాళ్లు విడిపోయి సొంతంగా నిలబడ్డారు. మీ దగ్గర అలాంటి మార్పు వస్తే అప్పుడు మీ సీనియర్ల దారి పట్టండి.

ఇంకొకటి. మా స్టూడియోని మూడో ఏడాది చివర్లో మూసేశారు. ఆ ఉదయం గేటు దగ్గర నా బ్యాడ్జి పనిచేసింది, లోపల కంప్యూటర్ పాస్‌వర్డ్ పనిచేయలేదు. పక్క కుర్చీలో నాలుగేళ్లు కూర్చున్న మనిషి ఫోన్ నంబరు నా దగ్గర లేదు. రోజూ ఆఫీసు చాట్‌లోనే మాట్లాడుకునేవాళ్లం మరి. వెతికి పట్టుకోవడానికి ఐదు వారాలు పట్టింది. మీరు ఆ నలభై మంది సొంత నంబర్లూ ఈ రోజే తీసుకోండి. కంపెనీ ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు, అవి వాళ్లవి. మీ పనిలో ఏది మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: నేను గేమ్స్ ఆడేవాణ్ణి, అంతే. వందల కోట్ల డాలర్లు పోసి స్టూడియో కొని, రెండు మూడేళ్లకే తలుపులు ఎందుకు మూస్తారు? ఆ డబ్బు వాళ్లదే కదా?
- ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: వాళ్లు కొన్నది స్టూడియోనే అని మనం అనుకుంటున్నాం. చాలాసార్లు కొన్నది వేరే. డిస్నీ 2012 అక్టోబరులో 405 కోట్ల డాలర్లకి లూకస్‌ఫిల్మ్‌ని కొంటున్నట్టు ప్రకటించినప్పుడు దాని కళ్లు స్టార్ వార్స్ మీద ఉన్నాయి. ఆ మూటలో లూకస్‌ఆర్ట్స్ గేమ్ స్టూడియో కూడా వచ్చింది. 2013 ఏప్రిల్‌లో అక్కడ గేమ్‌ల తయారీ ఆపేసి, పేరు మాత్రం ఉంచుకుని హక్కులు బయటివాళ్లకి ఇచ్చారు. ఇంకోచోట ఊపు చూసి కొంటారు. ‘డ్రా సమ్‌థింగ్’ అందరి ఫోన్లలోనూ ఉన్న రోజుల్లో, 2012 మార్చిలో, జింగా సంస్థ సుమారు 18 కోట్ల డాలర్లు పెట్టి ఆ గేమ్ చేసిన ఓఎంజీపాప్‌ని కొంది. 2013 జూన్‌కి ఆ ఆఫీసు లేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది మూడో రకం. స్టూడియో మంచిచెడ్డలతో సంబంధం లేకుండా, కొన్నవాడి జేబు ఖాళీ అవడం. స్వీడన్‌కి చెందిన ఎంబ్రేసర్ గ్రూప్ కొన్నేళ్లపాటు కనబడిన స్టూడియోనల్లా కొంటూ పోయింది. 2023 మే నెలలో దానికి రావాల్సిన 200 కోట్ల డాలర్ల ఒప్పందం చివరి క్షణంలో చెడింది. జూన్‌లో ఖర్చుల కోత ప్రకటించారు. ఆగస్టు 31న ‘సెయింట్స్ రో’ చేసిన వోలిషన్ మూతపడింది. 1993లో పుట్టి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి కూడా ముప్ఫై ఏళ్లు నిలిచిన స్టూడియో అది. వాళ్ల చివరి గేమ్ సరిగా ఆడని మాట నిజమే. కానీ ఒక గేమ్ పోతే ఇంకోటి చేసుకునే వ్యవధి అంతకుముందు వాళ్లకి దొరికేది, ఈసారి దొరకలేదు. డిసెంబరులో ‘టైమ్‌స్ప్లిటర్స్’ జట్టు ఫ్రీ రాడికల్‌ని కూడా మూసేశారు. 130 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని 2021లో కొన్న గేర్‌బాక్స్‌ని 2024లో 46 కోట్లకి అమ్ముకున్నారు. ‘ఆ డబ్బు వాళ్లదే కదా’ అన్నారు మీరు. డబ్బు వాళ్లదే. కానీ అంతా అయ్యాక ఉద్యోగం పోయింది ఆ ఒప్పందంలో సంతకం పెట్టని వందల మందికి.

ప్రశ్న: అమ్ముడుపోయి బాగుపడిన స్టూడియో ఒక్కటీ లేదా? మీరు ఎప్పుడూ విషాదమే రాస్తారు.
- పాత పాఠకుడు

జవాబు: ఉన్నాయండీ, మీరు అడగడం మంచిదైంది. డబుల్ ఫైన్‌నే తీసుకోండి. ‘సైకోనాట్స్ 2’ చేస్తుండగా డబ్బు చాలక బాస్ ఫైట్లు, అంటే పెద్ద శత్రువులతో చేసే పోరాటాలు, తీసేద్దామనుకున్నారు. 2019లో మైక్రోసాఫ్ట్ కొన్నాక వాటిని మళ్లీ పెట్టగలిగారు. 2021లో వచ్చిన ఆ గేమ్ ఆడి చూడండి, ఆ ఫైట్లు లేకపోతే ఎంత వెలితిగా ఉండేదో తెలుస్తుంది. ఇన్‌సోమ్నియాక్‌ని సోనీ 2019లో 22.9 కోట్ల డాలర్లకి కొంది, కానీ అప్పటికే ఇరవై ఏళ్లుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. ఒకరి పద్ధతి ఒకరికి తెలిశాక అయిన పెళ్లి అది. ఫిన్లాండ్‌లోని సూపర్‌సెల్‌లో 84 శాతం వాటాని టెన్సెంట్ బృందం 2016లో 860 కోట్ల డాలర్లకి కొంది. అయినా ఏ గేమ్ కొనసాగించాలో, ఏది మధ్యలో ఆపేయాలో అక్కడి చిన్న జట్లే తేల్చుకుంటాయి. ‘ఇక చాలు’ అనే హక్కు గురించి పైన రాశాను చూడండి, వాళ్ల దగ్గర అది ఇంకా ఉంది.

ప్రశ్న: చిన్నప్పుడు ‘కమాండ్ అండ్ కాంకర్’ ఆడుతూ పెరిగాను. వెస్ట్‌వుడ్ వాళ్లు ఏమైపోయారు?
- ఇద్దరు పిల్లల తండ్రి

జవాబు: ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అనే గేమ్ సంస్థ వెస్ట్‌వుడ్‌ని 1998లో కొంది, 2003లో మూసేసింది. వేరే ఊరికి రమ్మంటే వెళ్లని కొందరు అదే ఏడాది లాస్ వేగాస్‌లో పెట్రోగ్లిఫ్ అనే చిన్న స్టూడియో పెట్టుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత, పాత గేమ్‌లని కొత్తగా తీర్చిదిద్దాలనుకున్నప్పుడు ఈఏ ఆ పని వాళ్లకే ఇచ్చింది. 2020లో వచ్చిన ఆ రీమాస్టర్‌లో మీరు చిన్నప్పుడు విన్న సంగీతాన్ని సవరించి ఇచ్చింది అప్పటి సంగీతకారుడు ఫ్రాంక్ క్లెపాకీయే. 2025 ఫిబ్రవరిలో మొదటి గేమ్‌తో పాటు ‘రెడ్ అలర్ట్’, ‘రెనెగేడ్’, ‘జనరల్స్’ సోర్స్ కోడ్ కూడా ఈఏ అందరికీ ఉచితంగా విడుదల చేసింది. మీ పిల్లలకి ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉంటే ఒక ఆదివారం ముగ్గురూ కూర్చుని తెరిచి చూడండి.