పీజీకి ముందు ఏ కోర్సులు చదవాలి? మేనకోడలికి ఉత్తరం

అమలాపురం

చి. ప్రసన్నకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కోర్సుల జాబితా చూశాను. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పీజీ చేస్తానన్నందుకు చాలా సంతోషంగా ఉంది. జాబితా మాత్రం మార్చు తల్లీ. క్లైమేట్ చేంజ్, సస్టైనబిలిటీ లాంటివి అక్కడికి వెళ్ళాక ఎలాగూ చెబుతారు. నీకు ముందే వచ్చనుకుని వాళ్ళు వదిలేసేవి ఏవో, అవి ఇప్పుడు నేర్చుకోవాలి.

నీది బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. లోటంతా అక్కడే.

అన్నిటికన్నా ముందు స్టాటిస్టిక్స్. మన వైపు రొయ్యల చెరువు సంగతే చూడు. పగలు ఎండకి నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగు మట్టి అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. తెల్లవారుజాముకి ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రైతులు రాత్రిళ్ళు ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) తిప్పేది అందుకే. మధ్యాహ్నం మూడింటికి ఒక సీసా నీళ్ళు పట్టి కొలిస్తే చెరువుకి ఏ లోటూ లేదనిపిస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని శాంపిల్స్ తీయాలి? రెండు చెరువుల మధ్య కనబడిన తేడా నిజమైనదేనా, కాకతాళీయమా? ఇవి తేల్చుకోలేకపోతే ఎంత మంచి ల్యాబ్ ఉన్నా ఉపయోగం లేదు. దాంతోపాటే స్టాటిస్టిక్స్ లెక్కలు చేసే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకో, ఉచితంగా దొరుకుతుంది.

తర్వాత కాల్‌క్యులస్, ఒక సెమిస్టర్‌ది. నదిలో మురుగు కలిశాక ఆక్సిజన్ ఎంత దూరం తగ్గుతూ పోతుందో, మళ్ళీ ఎక్కడ కోలుకుంటుందో చెప్పే స్ట్రీటర్-ఫెల్ప్స్ సమీకరణం 1925 నాటిది, ఇప్పటికీ క్లాసులో చెబుతారు. అది డిఫరెన్షియల్ ఈక్వేషనే, అంటే మార్పు ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే సమీకరణం. టెన్షన్ పడకు, లాగరిథమ్‌లతో మొదలుపెట్టు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే హైడ్రోజన్ అయాన్లు పదో వంతుకు తగ్గుతాయని డిగ్రీలో చదివావు కదా, అక్కడున్నది లాగరిథమే.

కెమిస్ట్రీ నీకుంది. ల్యాబ్ చేసినట్టు మార్కుల జాబితాలో విడిగా కనబడుతుందో లేదో చూసుకో. నీటిలోని మురుగుని సూక్ష్మజీవులు కుళ్ళబెట్టడానికి ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచే బీఓడీ పరీక్ష మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, అమెరికాలో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు చేస్తారు. ఎందుకని ఎవరైనా అడిగితే, వేడి పెరిగితే సూక్ష్మజీవుల పని ఎలా వేగమవుతుందో నువ్వు చెప్పగలగాలి.

నాలుగో కోర్సు నీ మనసులో ఉన్న ప్రశ్నని బట్టి. అంతర్వేది వైపు పొలాల్లోకి ఉప్పు ఎక్కడం గురించైతే సాయిల్ సైన్స్, భూగర్భ జలాలు. కోరింగ మడ అడవులైతే ఎకాలజీ, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారం విశ్లేషించడం). వరి చేలు చెరువులుగా ఎందుకు మారుతున్నాయన్నదైతే మైక్రో ఎకనామిక్స్, అది చదవకుండా రైతుని తప్పుపట్టొద్దు.

డబ్బు కట్టేముందు ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ మెయిల్ రాయి. స్వయం (మన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సు సర్టిఫికెట్ ఒప్పుకుంటారా, ల్యాబ్ లేని ఆన్‌లైన్ కోర్సు చెల్లుతుందా, గ్రేడ్ ఎంత ఉండాలి అని అడుగు. కొన్ని యూనివర్సిటీలు షరతు మీద సీటిచ్చి, మిగిలినవి మొదటి సెమిస్టర్‌లో పూర్తిచేయనిస్తాయి. అలాంటప్పుడు ఇక్కడ డబ్బు తగలేయడం దండగ. వాళ్ళ జవాబులు, నీ డిగ్రీ సిలబస్ కాగితాలు దాచిపెట్టు. చవితికి అమ్మతో వచ్చినప్పుడు తీసుకొస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య