కొళాయిలో ఆవిరి వస్తే...

ప్రశ్న: మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. 25 లీటర్ల గీజర్ కొని ఏడేళ్ళయింది. పది రోజులుగా కొళాయి తిప్పగానే ముందు బుస్సుమని ఆవిరి, ఆ వెంటనే చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు వస్తున్నాయి. లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. నాలుగు నెలల క్రితం గీజర్ మాటిమాటికీ ఆగిపోతుంటే మెకానిక్ వచ్చి పది నిమిషాల్లో బాగుచేసి వెళ్ళాడు. కొండకు వెళ్ళే చుట్టాలు వస్తే తెల్లవారుజామున వరసగా స్నానాలుంటాయి, ఆపే వీలుండదు. నాబ్ తగ్గించి వాడుకోవచ్చా? కొత్తది కొనాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఇది చదివే సమయానికి మీ గీజర్ ఆన్‌లో ఉంటే ముందు లేచి స్విచ్ ఆపేసి రండి. మెయిన్ బోర్డులో దాని ఎం.సి.బి. (కరెంటు కట్ చేసే మీట) కూడా దించేయండి. వేడినీళ్ళ కొళాయి తిప్పకండి, చన్నీళ్ళు వచ్చే వాల్వ్ మూయకండి. దాన్నలా వదిలేస్తే దానంతటదే నెమ్మదిగా చల్లారుతుంది. చుట్టాలొస్తే రెండు రోజులు గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి ఇవ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంత టెన్షన్ ఎందుకు పెడుతున్నానంటే, మీరు రాసిన ఆ 'బుస్సు' మామూలు చప్పుడు కాదు. మా చిన్నప్పుడు చిత్తూరులో పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్య గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. అమ్మమ్మ పైన గరాటాలో చెంబెడు చన్నీళ్ళు పోస్తే కింద కొళాయిలో చెంబెడు వేడినీళ్ళు దిగేవి. మంట ఎక్కువైతే ఆవిరి ఆ గరాటాలోంచే పైకి పోయేది. గీజర్‌కు అలాంటి దారి లేదు, అది మూతబిగించిన ట్యాంకు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలబడతాయి. మీరు కొళాయి తిప్పగానే ఒత్తిడి తగ్గి అందులో కొంత ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. ఆ ట్యాంకే ఎక్కడైనా చీలితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అందుకే గీజర్‌కు మూడు కాపలాలు పెడతారు. నీళ్ళు తగినంత కాగగానే కరెంటు ఆపేది థర్మోస్టాట్. అది పనిచేయకపోతే ఆపేది కటౌట్. రెండూ తప్పితే ఒత్తిడిని బయటికి వదిలేది సేఫ్టీ వాల్వ్. మీ ఇంట్లో మొదటి రెండూ పోయాయి. మూడోది ఎలా ఉందో చూడాలి.

నాలుగు నెలల క్రితం గీజర్ ఊరికే ఆగిపోలేదు. థర్మోస్టాట్ మొరాయిస్తుంటే కటౌట్ తన పని తాను చేసింది. పది నిమిషాల్లో బాగైందంటే నాకు వచ్చే అనుమానం ఒక్కటే: కటౌట్‌ను 'డైరెక్ట్' చేసేశారు. ఇలాంటిదే కొర్లగుంటలో ఒక ఇంట్లో నా కళ్ళతో చూశాను. కింది కవర్ విప్పితే, కటౌట్‌కు రావలసిన రెండు వైర్లను మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు కరిగి జిగురు కారి వైరు తొడుగుకు అంటుకుపోయింది. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. కటౌట్ మాటిమాటికీ పడిపోతుంటే ఎందుకు పడుతోందో వెతకాలిగానీ, దాన్నే తీసేస్తారా?

ఇక నాబ్ సంగతి. నాబ్ తిప్పితే ఆ మాట వినేది థర్మోస్టాటే. దాని కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటే మీరు ఎంత తగ్గించినా ఫలితం ఉండదు. మెకానిక్ చేత దాన్ని బయటికి తీయించండి. గిన్నెలో కాగుతున్న నీళ్ళలో దాని కడ్డీ ముంచితే కాసేపటికి 'టక్' మనాలి, మల్టీమీటర్‌లో కనెక్షన్ తెగాలి. అనకపోతే పోయినట్టే. థర్మోస్టాట్, కటౌట్ రెండూ కొత్తవి వేయించండి. మీ కంటి ముందే వేయించండి.

ఆ గులకరాళ్ళ చప్పుడు బోరునీళ్ళ సున్నం. నీళ్ళు కాచే ఎలిమెంట్ మీద పెంకులా పేరుకుంటుంది, దాని కింద చిక్కిన నీళ్ళు అక్కడికక్కడే మరిగి చిటపటలాడతాయి. థర్మోస్టాట్ కడ్డీ ఉండే గొట్టానికి పడితే వేడి ఆలస్యంగా తెలుస్తుంది. ఎలిమెంట్ తీసి గీకించండి, ట్యాంకు కడిగించండి, ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే మార్చండి. సేఫ్టీ వాల్వ్ ఎలా ఉన్నా కొత్తది పెట్టించండి. ట్యాంకు ఉబ్బినా, అతుకు దగ్గర తుప్పునీళ్ళు కారుతున్నా రిపేరు వద్దు, కొత్తదే కొనండి.

మిగతా పాఠకులకు ఒక మాట. 2 కిలోవాట్ల గీజర్‌లో 25 లీటర్ల నీళ్ళు 60 డిగ్రీలకు రావడానికి అరగంట చాలు. గంటైనా లైటు ఆరకపోతే థర్మోస్టాట్‌ను అనుమానించండి. లైటు ఆరినా నీళ్ళు కాగుతూనే ఉంటే అది ఇంకా ప్రమాదం. ఎలిమెంట్ పగిలి, ఫేజ్ - న్యూట్రల్ (కరెంటు వచ్చే, తిరిగి వెళ్ళే వైర్లు) తారుమారై, కరెంటు ఎర్త్‌లోకి పోతుండవచ్చు. కొళాయి ముట్టుకుంటే జిల్లుమన్నా అంతే, వెంటనే ఆపేయండి.

ప్రశ్న: గీజర్ వేసినప్పుడల్లా సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. మూత బిగించేయవచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు నాయనా. నీళ్ళు కాగితే పెరుగుతాయి. 25 లీటర్లకు పావు లీటరు పైనే పెరుగుతుంది, ఆ పెరిగినదే అలా పడుతోంది. గీజర్ ఆపినా చుక్కలు ఆగకపోతే వాల్వ్‌లో చెత్త చేరిందేమో, పైనుంచి వచ్చే నీళ్ళ ఒత్తిడి ఎక్కువైందేమో చూపించండి. గోడ తడుస్తోందనుకుంటే వాల్వ్ మూతికి సన్న ట్యూబు తగిలించి, రెండో కొస బాత్‌రూమ్ తూము దగ్గర వదిలేయండి. ఆ కొసను మాత్రం ముడి వేయకండి.