థార్‌కి ఎల్ఈడీ బార్ పెట్టిస్తే చలానా రాస్తారా? లంబసింగి మంచులో పనికొస్తుందా?

మీరడిగినవి రెండు. కొత్త మహీంద్రా థార్ పైకప్పు మీద ఎల్ఈడీ బార్ (వరసగా చిన్న లైట్లున్న పొడవాటి పట్టీ), బంపర్ మీద రెండు స్పాట్ లైట్లు పెట్టిస్తే పోలీసులు ఆపుతారా అనేది ఒకటి. తెల్లవారుజామున లంబసింగి, వంజంగి వైపు మంచులో వెళ్లడానికి ఏ లైటు మంచిదనేది రెండోది. మాది అనకాపల్లి. మొదట పాత మహీంద్రా జీపు ఉండేది, ఇప్పుడు థార్ నడుపుతున్నాను. మీరు చేద్దామనుకుంటున్నవన్నీ జీపు మీద చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణే.

ముందు రూలు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 111వ రూలు ఉంది. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ఉంటే తప్ప బండి ముందు స్పాట్ లైటు గానీ సెర్చ్ లైటు గానీ అమర్చకూడదని అందులో రాసి ఉంది. వెలిగించకూడదని కాదు, అమర్చకూడదనే ఉంది. అందుకే ‘లైటు మీద నల్ల మూత వేసుకుంటే చాలు సార్’ అని షాపులో చెప్పే మాట పూర్తిగా నిజం కాదు. మూత ఉంటే ఆపిన పోలీసు కాస్త మెత్తబడొచ్చు, అంతే.

బార్ పేరు ఆ రూల్లో లేదు కదా అని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి 106వ రూలు ఉంది. ముందుకి పడే ఏ లైటైనా ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు కిందికి వంచగలిగేలా ఉండాలి. ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకూడదు. ఇప్పుడు మీ బండి ఎత్తు చూసుకోండి, 1.8 మీటర్లు దాటుతుంది. పైకప్పు మీద పెట్టిన బార్ ఎదుటివాడి కంటికంటే పైనే ఉంటుంది. అక్కణ్ణుంచి కళ్లలో పడకుండా దాన్ని బాగా వంచితే మీ బానెట్ మీద కూడా వెలుగు పడుతుంది, రోడ్డు మీద దూరం తగ్గుతుంది.

జరిమానా విషయానికొస్తే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 182ఎ(4) సెక్షన్ వచ్చింది. అనుమతి లేకుండా బండికి మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, బార్‌ని, స్పాట్ లైట్లని విడివిడిగా లెక్కేసే వీలుంది. ఆచరణలో అంత దూరం వెళ్లడం నేను చూడలేదు. నన్నొకసారి ఆపి, స్పానర్ ఇచ్చి, అక్కడే విప్పించి పంపారు. బండికి యెల్లో ప్లేటైతే ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరే తీయించేస్తారు.

వెనక తెల్ల లైట్లు, గ్రిల్‌లో ఎరుపు, నీలం ఫ్లాషర్లు లాంటి సరదాల జోలికి అసలు పోకండి. వెనక్కి రివర్స్ లైటు, నంబర్ ప్లేటు లైటు, ఇండికేటర్లు తప్ప ఎరుపే కనిపించాలి. ముందుకి ఎరుపు కనిపించకూడదు.

రూలు పక్కన పెట్టినా, మంచులో బార్ దండగ. మంచు అంటే గాల్లో తేలే నీటి తుంపర్లే. పైనుంచి పడిన వెలుగు వాటికి తగిలి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్‌లో జీపు బార్ మొదటిసారి వేసినప్పుడు ముందర తెల్ల దుప్పటి పరిచినట్టైంది. ఆపేస్తేనే రోడ్డంచు కనిపించింది. మట్టి రోడ్డులో ముందు బండి లేపిన దుమ్ములోనూ ఇంతే. మంచుకి కావలసింది బంపర్‌లో కిందగా ఉండి, వెడల్పుగా, పైన కత్తిరించినట్టు ఆగిపోయే వెలుగు. అంటే ఫాగ్ ల్యాంపులు. మీ వేరియంట్‌కి అవి రాకపోతే పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చేవే బిగించుకోండి, రూలుతో గొడవుండదు. రంగు పసుపైతే నా కళ్లకి హాయిగా ఉంటుంది. దీని మీద జనం రాత్రంతా కొట్టుకుంటారు గానీ, రంగు కంటే లైటు ఎంత కిందున్నదీ, వెలుగు ఎక్కడ తెగుతున్నదీ ముఖ్యం.

నేను బార్ తీసేయడానికి అసలు కారణం చలానా కాదు. పాడేరు ఘాట్ దిగుతూ ఒక మలుపులో బార్ ఆపడం మర్చిపోయాను. ఎదురుగా బైక్ మీద భార్యాభర్తలు, మధ్యలో చిన్న పిల్ల. అతనికి కళ్లు కనపడక, రోడ్డు దిగి, అంచున తెల్ల రాళ్ల దగ్గర ఆగాడు. రాళ్లకవతల లోయ. గంటకి నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది. కళ్లు సర్దుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకున్నా ముప్పై మీటర్లకి పైగా గుడ్డిగా వెళ్లినట్టే. అతను తిట్టలేదు. ‘ఏం బాబూ, షూటింగా?’ అన్నాడు. తిట్టినా బాగుండేది.

అయినా మట్టి దారుల కోసం లైట్లు కావాలంటారా, వైరింగ్ దగ్గర మాత్రం పొదుపు చెయ్యకండి. వంద వాట్ల హాలోజన్లు రెండైతే పన్నెండు వోల్టుల దగ్గర దాదాపు 17 యాంప్‌లు లాగుతాయి. జీపుకి నాకు బిగించినతను హెడ్‌లైట్ వైరునే గీకి, మెలిపెట్టి, టేపు చుట్టాడు. ఫ్యూజు పదేపదే పోతుంటే 30 యాంప్‌ది పెట్టి ‘ఇక పోదు సార్’ అన్నాడు. నిజమే, ఫ్యూజు పోలేదు, వైరు కాలింది. స్టీరింగ్ కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన రాగానే బ్యాటరీ క్లిప్పు పీకాను కాబట్టి బండి దక్కింది. కొత్త బండిలో ఇలా వైరు కోస్తే వారంటీ దగ్గరా ఇన్సూరెన్స్ దగ్గరా కూడా మాట పడాల్సి వస్తుంది.

బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్) ఉండాలి. విడి స్విచ్ ఎలాగూ ఉంటుంది. దాంతో పాటు రిలేకి సిగ్నల్ హై బీమ్ నుంచి వచ్చేలా కలపమనండి. అప్పుడు మీరు డిప్ కొట్టగానే ఆ లైట్లూ వాటంతటవే ఆరిపోతాయి. నాకప్పుడు ఇది ఉండుంటే ఆ బైకతను రోడ్డు దిగేవాడు కాదు.

ఇంకోటి, ఈ లైట్లతో రాత్రిపూట నల్లమల దాటుదామనుకోకండి. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డులో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ ఉదయం ఆరుకే తెరుస్తారు. అడవి దగ్గర సెర్చ్ లైట్లున్న బండి కనపడితే ఫారెస్టు వాళ్లు ముందు వేటగాళ్లనే అనుకుంటారు.

ఫాగ్ ల్యాంపులు బిగించాక రాత్రి చదునైన చోట బండి నిలిపి, ఎనిమిది మీటర్ల దూరంలో స్నేహితుణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టండి, కళ్లు నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉండేలా. లైట్లు వెయ్యగానే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడంటే స్క్రూ ఇంకాస్త కిందికి తిప్పండి.