పాటకు రెండు స్పీకర్లు, సినిమాకు అయిదు: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. నాకు పాత పాటలంటే ప్రాణం, ఇంట్లోవాళ్లకు సినిమాల కోసం హోమ్ థియేటర్ కావాలి. చౌరస్తా దగ్గరి దుకాణంలో రూ.90,000 విలువైన 5.1 సెట్టును (అయిదు స్పీకర్లు, లోతైన మోతలకు ఒక సబ్‌వూఫర్) వడ్డీ లేని 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. బ్యాంకులో రూ.2.90 లక్షలున్నాయి. ఇంటి రుణం వాయిదాతో కలిపి నెల ఖర్చు రూ.40,000. తీసుకోవచ్చా?

జవాబు: ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2.40 లక్షలు, ఆపద కోసం ముట్టుకోకుండా ఉంచాల్సిన సొమ్ము కనుక, ఈ సరదాకు మీ చేతిలో నిజంగా ఉన్నది రూ.50,000 మాత్రమే. వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లో సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపుతారు. వాయిదాలు క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీ మీదే పడతాయి. రొక్కం ఇస్తే ఎంతకు ఇస్తారో ఒకసారి విడిగా అడిగి చూడండి.

స్టీరియో పాటలో ఉండేది రెండు ఛానళ్లే, అంటే కుడి, ఎడమ స్పీకర్లకు విడివిడిగా వెళ్లే రెండు ధ్వనులే. రెండు స్పీకర్లూ మీరు కూర్చునే చోటూ సమాన దూరాల్లో ముక్కోణంగా అమరితే, గాయకుడి గొంతు స్పీకరే లేని నడిమి చోటు నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఒకే పెట్టెలో వచ్చే చవక 5.1 సెట్టులో డబ్బంతా అయిదు చిన్న స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ పంచుకుపోవడం వల్ల, పోరాట దృశ్యానికి కిటికీలు అదురుతాయి గానీ గొంతులోని ఊపిరి వినపడదు. నేనూ ఒకప్పుడు అలాంటిదే కొన్నాను. వైరు లాగే దారి లేక వెనక స్పీకర్లు రెండేళ్లు సజ్జ మీదే ఉండిపోయాయి.

కాబట్టి ఉన్న రూ.50,000లో సుమారు రూ.28,000 స్పీకర్లను నడిపే అయిదు ఛానళ్ల రిసీవరుకు, రూ.20,000 ముందువైపు పెట్టే రెండు మంచి స్పీకర్లకు, మిగిలింది వైర్లకు కేటాయించండి. వాయిదాకు కట్టాల్సిన రూ.7,500కు బదులు నెలకు రూ.5,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే, ఎనిమిది నెలల్లో రూ.40,000, దానిపై కొంత వడ్డీ చేతికొస్తాయి. అప్పుడు మొదట టీవీ దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకరు కొనండి, ఎందుకంటే 5.1 సినిమాల్లో మాటలు ఎక్కువగా అందులోంచే వస్తాయి. వీలైతే ముందు స్పీకర్ల శ్రేణిలోదే తీసుకోండి. తర్వాత సబ్‌వూఫర్, చివరికి వెనక స్పీకర్లు. అంతదాకా ఇంట్లోవాళ్లు రెండు స్పీకర్లతోనే సినిమా చూస్తారు. టీవీ లోపలి స్పీకర్లకన్నా అది ఎంతో మెరుగు. పాట వినేటప్పుడు రిసీవరును స్టీరియోలో పెట్టడం మరవకండి.

దుకాణంలో వాళ్లు పెట్టే సినిమా ముక్క విని నిర్ణయించుకోవద్దు. మీకు కంఠతా వచ్చిన పాటను ఫోన్లో తీసుకెళ్లి, రెండు స్పీకర్ల మీదే పూర్తిగా వినిపించమనండి. మీ గదిలో గ్రానైట్ నేల ఉంటే ధ్వని తిరిగికొట్టి పదునుగా వినిపిస్తుంది. ఖరీదైన వైర్లకు పెట్టే డబ్బుతో వరంగల్ కొత్తవాడలో నేసిన ఒక మందపాటి జంపఖానా తెచ్చి స్పీకర్ల ముందు పరవండి.