మైనర్ అని వదిలేస్తున్నారా? బాలల న్యాయ వ్యవస్థలో అసలు చిక్కు ఎక్కడ?

"అంత ఘోరం చేసినా మైనర్ అని వదిలేస్తారా?" అని చాలామంది అడుగుతారు. వదిలేయరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం ప్రకారం 16 నిండి 18 లోపు ఉన్నవాళ్లపై ఘోర నేరం, అంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరం ఆరోపణ వస్తే, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా మదింపు చేస్తుంది. పిల్లవాడి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు చూసి, అవసరమైతే పెద్దవాడిలా విచారించాలని పిల్లల కేసులు చూసే చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది.

చిక్కంతా ఇక్కడే. నేరం జరిగిన రోజు ఆ పిల్లవాడి మనసు ఎలా ఉందో, కొన్ని వారాల తర్వాత గదిలో కూర్చుని ఎవరు తేల్చగలరు? బోర్డులో ఉండేది ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. అందుకే బోర్డులో మనస్తత్వ నిపుణులు లేనప్పుడు బయటి నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నా దృష్టిలో మొదటి ప్రాధాన్యం శిక్షలు పెంచడం కాదు, ప్రతి జిల్లాలో శిక్షణ పొందిన సైకాలజిస్టులు, పిల్లవాడి నేపథ్యం ఆరా తీసి బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ ఆఫీసర్లు ఉండటం.

తర్వాతది ఆలస్యం. బోర్డు ముందు విచారణ మామూలుగా నాలుగు నెలల్లో ముగియాలని చట్టమే చెబుతోంది. పదహారేళ్ల వయసులో ఒక్క ఏడాది టెన్షన్‌లో గడిస్తే చదువు పోతుంది, స్నేహితులు పోతారు. ఇక 18 నిండి, ఇలాంటి పిల్లల్ని ఉంచే ప్రభుత్వ హోమ్ లాంటి చోట్ల నుంచి బయటికొచ్చినవాళ్లకు ఇల్లు, పని చూపించే ఏర్పాటు చట్టంలో ఉంది. దాన్ని ఎవరూ అడగరు, మనం అడగాలి.