ఒప్పుకునేదాకా ఆగకండి

మీరు రాసింది చదివానమ్మా. అమెరికా వచ్చి ఆరు నెలలైంది, బాబుకు రెండేళ్లు దాటాయి, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు, ఒక్క మాటా రాలేదు అన్నారు. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారన్నారు. మా బాబు విషయంలో నేనూ ఆ మాట విన్నాను. "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదమ్మా" అని మా అత్తగారు ఫోన్లో చెబితే ప్రాణం లేచొచ్చింది. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు కూర్చున్నాను. ఇన్నేళ్లయినా ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే బాధే.

పిల్లల డాక్టర్ దగ్గర 18 నెలలకు, మళ్లీ 24 నెలలకు ఆటిజం (మాటల్లో, నలుగురితో కలవడంలో తేడా కనిపించే ఎదుగుదల తీరు) గురించి ప్రశ్నల కాగితం ఇస్తుంటారు. వేలితో చూపిస్తాడా అంటే, ఎప్పుడో ఒకసారి చూపించినట్టు గుర్తుచేసుకుని "అవును" అని రాశాను. అబద్ధం చెప్పాలని కాదు, అదే నిజం కావాలని అంత ఆశ. మీరు మాత్రం రోజూ చూసేదే రాయండి. వినికిడి పరీక్ష కూడా చేయించమని అడగండి.

మూడేళ్లు నిండని పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ అని, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంటుంది. డాక్టర్ చీటీ అక్కర్లేదు, మీరే ఫోన్ చేయొచ్చు. జబ్బు పేరు తేలేదాకా ఆగనక్కర్లేదు. పరీక్షకు డబ్బు తీసుకోరు. మీ ఫోన్ అందిన 45 రోజుల్లో బాబును చూసి, అర్హత ఉంటే మీతో కూర్చుని ప్లాన్ వేయాలి. మూడేళ్లు నిండాక ఆ బాధ్యత మీ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. బాబు ఇంకా స్కూల్లో చేరకపోయినా సరే, పరీక్ష చేయమని ఉత్తరం రాసి, కాపీ దాచుకోండి. అక్కడ తయారుచేసే ఐఈపీ (బాబుకు తగ్గ చదువు, సాయాల ప్లాన్) మీటింగ్‌లో మాటలు అర్థం కాకపోతే దుబాసీని అడిగే హక్కు మీకుంది. చదవకుండా సంతకం పెట్టకండి.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మేము భయపడి మానేశాం. జోలపాట కూడా ఆపేశాను. మా స్పీచ్ థెరపిస్ట్ తెలుసుకుని, మళ్లీ మొదలుపెట్టండి, మీ నోట సహజంగా వచ్చే మాటే వాడికి కావాలి అంది. ఆ రాత్రి పాడుతూ ఏడ్చాను.

ఇక మనసుకు సర్దిచెప్పుకోవడం. అది అందరికీ ఒకేసారి రాదు. నేను థెరపీకి తిప్పుతుంటే మావారు ఏడాది పాటు "వాడికేం లేదు" అంటూనే ఉన్నారు. ఎన్ని గొడవలో! ఆయనకు పట్టింపు లేదనుకున్నాను, భయమని ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు థెరపీ గదిలోకి ఆయన్నే పంపాను. మా బాబు ఆయన చెయ్యి పట్టుకుని బొమ్మ దగ్గరికి లాక్కెళ్లాడట. ఆ తర్వాత శనివారాలు ఆయనే తీసుకెళ్లేవారు.

మీవారు ఇంకా ఒప్పుకోకపోయినా పర్లేదమ్మా. రేపు పొద్దున ఆఫీసులు తెరవగానే ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు ఫోన్ చేయండి.